కారు రేకు చిల్లులకు వెల్డింగా, ఫైబరా?

మోనోగ్రామ్ తీసేశాక మిగిలిన చిల్లులు, ఏరియల్ పీకేసిన బొక్క, డోర్ మీద బీడింగు క్లిప్పుల వరుస, వెనక చక్రం పైన తుప్పు తిన్న అంచు. వీటిని మూసి, అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు రేకును నున్నగా తేవాలంటే ఉన్నవి రెండు దారులు. రేకు ముక్క పెట్టి వెల్డింగ్ చేయాలి, లేదా గాజు పోగుల ఫైబర్ మ్యాట్‌ను రెసిన్ అనే గట్టిపడే జిగురుతో అతికించాలి. లప్పం పెట్టి రంగు కొట్టాక మొదటి నెల రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాక తేడా బయటపడుతుంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: ఉక్కు రేకులో పడ్డ చిల్లును ఉక్కు రేకుతో మూయడమే మేలు. అయితే చేతకాని వెల్డింగ్ కన్నా చక్కగా వేసిన ఫైబర్ ఎక్కువ కాలం నిలుస్తుంది. మీ షెడ్డులో ఆర్క్ మిషను తప్ప ఇంకేమీ లేకపోతే ఆ మాట గుర్తుంచుకోండి.

ముందు అయస్కాంతం తీయండి

పాత స్పీకర్ అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి రేకు మీద మెల్లగా జరపండి. పట్టు సడలిన చోట పాత లప్పమో, ఇంతకుముందు ఎవరో వేసిన ఫైబరో ఉంది. అసలు పట్టుకోకపోతే అది ఉక్కు కాదు. కొన్ని కార్లకు బానెట్ అల్యూమినియంతో వస్తుంది. దానికి మామూలు ఉక్కు వైరుతో వెల్డింగ్ కుదరదు, అల్యూమినియానికి టిగ్ వెల్డింగ్ (టంగ్‌స్టన్ సూదితో చేసేది) చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్. పాలిస్టర్ రెసిన్ దానికి పట్టదు, గోటితో లాగితే పొరలా వచ్చేస్తుంది. దానికి ప్లాస్టిక్ వెల్డింగే చేయించాలి. బాడీ కిట్లు, బయట కొన్న స్పాయిలర్లలో చాలావరకు ఫైబరే. బెంగళూరులో తయారైన సిపానీ డాల్ఫిన్, గోవాలో తయారైన శాన్ స్టార్మ్ లాంటి కార్లకు బాడీ మొత్తం ఫైబరే. ఇలాంటి వాటిలో ఆలోచించే పనే లేదు, ఫైబర్‌కు ఫైబరే వేయాలి.

తరవాత చూడాల్సింది ఆ రేకు బరువు మోస్తుందా లేదా అని. డోర్ల కింద పొడవునా ఉండే సిల్ పెట్టె, పిల్లర్లు, ఛాసిస్ రైలు, షాక్ అబ్జార్బర్ కూర్చునే టవర్, సీటు బెల్టు బోల్టు చుట్టూ, జాకీ పెట్టే చోటు: వీటిలో ఎక్కడా ఫైబర్ వేయకూడదు. ఇప్పటి కార్లలో ఎక్కువవాటికి విడిగా ఛాసిస్ ఉండదు, ఈ పెట్టెలే బండి బరువంతా మోస్తాయి. సిల్ మీద ఫైబర్ వేసి రంగు కొడితే చూడటానికి బాగుంటుంది, కానీ పక్కనుంచి గుద్దుకుంటే లోపలివాళ్లను కాపాడేది ఏమీ ఉండదు. అలాగే కొత్త కార్ల మధ్య పిల్లరు చాలావాటిలో అధిక బలమున్న ప్రత్యేక ఉక్కు. వేడి తగిలితే ఆ బలం పోతుంది. దాన్ని కంపెనీ రిపేరు మాన్యువల్ చెప్పినట్టే మార్చాలి. మామూలు షెడ్డులో దానికి వెల్డింగ్ కూడా చేయకండి.

మూడోది కదలిక. ముందు చక్రం మీది రేకు, అంటే ఫెండరు, బోల్టులతో బిగించి ఉంటుంది. దానికీ పిల్లరుకూ మధ్య సందు మూసేస్తే బాగుంటుందని కొందరు అడుగుతారు. అక్కడ ఫైబర్ వేస్తే గతుకుల్లో పగులుతుంది. వెల్డింగ్ చేస్తే రేపు ఫెండరు మార్చాల్సినప్పుడు కోయాలి. ఆ సందును అలాగే వదిలేయండి.

ఎండ చేసే పని

ఫైబర్ అతుకు ఎందుకు పగులుతుందో అర్థమైతే సగం నిర్ణయం అయిపోయినట్టే. వేడికి ఉక్కు సాగే దానికన్నా మ్యాట్, పాలిస్టర్ రెసిన్ కలిసిన పొర రెండింతలకు పైగా సాగుతుంది. నల్ల కారు బానెట్ మే నెల మధ్యాహ్నం 70 డిగ్రీలకు చేరుతుంది, తెల్లవారేసరికి 30కి దిగుతుంది. ఆ 40 డిగ్రీల తేడాకు అర మీటరు ఉక్కు సుమారు 0.24 మి.మీ. సాగితే, అర మీటరు ఫైబర్ అర మిల్లీమీటరు దాకా సాగుతుంది. ఈ లాగుడు రోజూ జరుగుతుంది, అదంతా అతుకు అంచు మీదే పడుతుంది. మొదట వెంట్రుకంత గీత వస్తుంది. ఏటవాలు వెలుగులో చూస్తే లోపలి మ్యాట్ ముక్క ఏ ఆకారంలో ఉందో రంగు మీద సరిగ్గా ఆ ఆకారమే కనిపిస్తుంది. ఆ గీతలోంచి నీళ్లు దిగాక లోపల తుప్పు మొదలవుతుంది.

అదే 20 మి.మీ. చిల్లు మీద 80 మి.మీ. ముక్క వేస్తే తేడా 0.05 మి.మీ. మించదు. రెసిన్ దాన్ని ఓర్చుకుంటుంది. అందుకే ఏరియల్ బొక్క, మోనోగ్రామ్ చిల్లుల్లాంటివి ఫైబర్‌తో మూసినా ఏళ్ల తరబడి నిలుస్తాయి. పొడవాటి అతుకులు నిలవవు. రెండు రేకులు కలిసే గాడిని నింపి ఒకే రేకులా చేయాలనుకుంటే మొదట ఆ గాడి పొడవునా వెల్డింగ్ పడాలి. స్పాట్ వెల్డింగులతో మాత్రమే పట్టి ఉన్న అతుకు మీద ఎంత మంచి ఫైబర్ వేసినా వృథా.

వెల్డింగ్ అయితే

బయటి రేకులు ఎక్కువగా 0.7 నుంచి 0.8 మి.మీ. మందం. 2.5 మి.మీ. రాడ్డుతో ఆర్క్ కొడితే ఒక చిల్లు మూయబోయి మూడు చిల్లులు చేసుకుంటారు. గ్యాస్ వెల్డింగ్‌లో అతుకు మెత్తగా వస్తుంది, సుత్తికి లొంగుతుంది. కానీ వేడి చుట్టూ పాకి పెద్ద చదును రేకు ఉబ్బుతుంది. బానెట్, టాప్, డోర్ మధ్య భాగం దానితో చేయకపోవడమే మంచిది. ఇత్తడి కడ్డీతో అతికే బ్రేజింగ్‌లో ఫ్లక్స్ (అతుకు పట్టడానికి వాడే పొడి) ఇరుక్కుపోయి తరవాత రంగు లేస్తుంది. ఈ పనికి సరైనది మిగ్, షెడ్డుల్లో సీఓటూ వెల్డింగ్ అనేది; ఇందులో సన్నటి వైరు గన్‌లోంచి దానంతటదే వస్తుంది, గ్యాసు అతుకును గాలినుంచి కాపాడుతుంది. చేయి తిరిగిన మనిషి దొరికితే టిగ్ ఇంకా మంచిది, అతుకు మెత్తగా ఉంటుంది.

ముక్కకు 22 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్ ఉక్కు) షీటు తీసుకోండి, అది సుమారు 0.7 మి.మీ. ఉంటుంది. పాత బండి రేకు మందంగా ఉంటే 20 గేజి. జింకు పూసిన జీఐ షీటు వద్దు: జింకు పూత వేడికి ఆవిరై అతుకులో బుడగలు పెడుతుంది, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. కారు రేకుకే జింకు పూత ఉంటే అతుకు చుట్టూ 25 మి.మీ. మేర రెండు వైపులా గీకేయండి. స్క్రాపులో అదే మోడల్ ఫెండరు దొరికితే అన్నిటికన్నా మేలు, వంపు కూడా కలిసొస్తుంది.

మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే శుభ్రమైన రేకుకు పట్టించండి. వెనకాల స్పాంజి, వైరింగు, సౌండు షీటు, పెట్రోలు పైపు ఏముందో చేత్తో తడిమి చూసి తీసేయండి. అద్దాల మీద తడి గోనె కప్పాలి. గ్రైండరు నిప్పురవ్వ అద్దంలో దిగితే ఆ చుక్కలు పాలిష్‌కు పోవు. బకెట్టు నీళ్లు, మంటలార్పే సిలిండరు చేతికందేలా ఉంచండి. పనయ్యాక అరగంట బండి దగ్గరే ఉండండి, డోర్ లోపలి స్పాంజి నిదానంగా రాజుకుంటుంది.

ఇక ఏరియల్ బొక్క. దాని అడ్డం 22 మి.మీ. అనుకుందాం. 21 మి.మీ. బిళ్ల కోస్తే చుట్టూ అర మిల్లీమీటరు సందు మిగులుతుంది. ఆ సందు కావాలి. బిళ్ల బిగుతుగా కూర్చుంటే అతుకు లోపలికి దిగదు, రేకు సాగడానికి చోటు లేక ఉబ్బుతుంది. బిళ్లను రేకు కింద పెట్టి ఒకదాని మీద ఒకటి అతికించే పద్ధతి సులువే, కానీ ఆ రెండు రేకుల మధ్య నీళ్లు చేరతాయి, ఎండలో ఆ గీత రంగు మీద తేలుతుంది. కనిపించే రేకుకు ఎదురెదురు అతుకే వేయండి.

వైరు 0.6 మి.మీ. అయితే 30 నుంచి 40 ఆంపియర్లు, 0.8 అయితే 40 నుంచి 50. వట్టి కార్బన్ డయాక్సైడ్ కన్నా ఆర్గాన్ 80, కార్బన్ డయాక్సైడ్ 20 పాళ్ల గ్యాసుతో తుంపరలు తగ్గుతాయి. గ్యాస్ నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు. ఫ్యాను, కూలరు ఆపేయండి, గాలి గ్యాసును కొట్టేస్తే అతుకంతా జల్లెడ అవుతుంది. అదే మందం స్క్రాపు మీద పది టాకులు (చుక్క వెల్డింగులు) కొట్టి చూసుకున్నాకే కారు ముట్టుకోండి. టాకు తిప్పి చూడండి: వెనక కూడా చిన్న బొడిపె వస్తే దిగినట్టు. పైన మాత్రం మినపగింజలా కూర్చుని వెనక ఏమీ లేకపోతే అది పట్టలేదు, గ్రైండరు పెట్టగానే ఊడుతుంది. కరెంటు కాస్త పెంచండి.

బిళ్లను గడియారంలా చూడండి. 12 దగ్గర ఒక టాకు, తరవాత 6, తరవాత 3, తరవాత 9. ఒక్కో టాకు ఒక సెకను లోపే. ప్రతి టాకు తరవాత వేలు పెట్టినా కాలనంతగా చల్లారనివ్వాలి. ఆ నాలుగింటి మధ్య నాలుగు, వాటి మధ్య మళ్లీ. పక్కపక్కనే వరుసగా గీసుకుంటూ పోతే పది నిమిషాల్లో పని అయిపోతుంది, రేకు గిన్నెలా లోపలికి పోతుంది. బీడింగు క్లిప్పుల చిన్న చిల్లులకు బిళ్ల అక్కర్లేదు. వెనక రాగి పలక ఒత్తిపెట్టి ముందునుంచి నింపండి. ఏసీ రాగి పైపు ముక్కను సుత్తితో చదును చేస్తే చాలు. రాగికి అతుకు అంటదు, వేడిని అది లాగేసుకుంటుంది.

పెద్ద ముక్క పెట్టాల్సివస్తే మూలలను 10 మి.మీ. గుండ్రంగా కోయండి, టాకుల మధ్య 25 నుంచి 30 మి.మీ. దూరంతో మొదలుపెట్టండి. అతుకు గీతను వీలైతే రేకు వంపు దగ్గరికి జరపండి. చదునైన చోట పడ్డ అతుకు రేకును లాగినంతగా వంపులో లాగదు.

అతుకు చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, ఆ గీత వెంట పల్లం పడుతుంది. దీనికి మందు లప్పం కాదు. టాకు తల గ్రైండరుతో తీసి, వెనక డాలీ (చేత్తో పట్టుకునే ఇనప దిమ్మ) ఆనించి, అతుకు మీదనే తేలిక దెబ్బలు కొడితే రేకు మళ్లీ సాగి పైకొస్తుంది. పక్క రేకును కొట్టొద్దు, అది ముందే పొడవుగా ఉంది. వెనక్కి చేయి దూరని చోట ఈ సవరణకు వీలుండదు, అక్కడ టాకుల మధ్య ఇంకా ఓపిక పట్టాలి.

గ్రైండింగ్‌కు 60 నంబరు ఫ్లాప్ డిస్కు, చివర 80. డిస్కు అతుకు మీదే ఆడాలి. రేకు నీలం తిరిగిందంటే వేడెక్కింది, పల్చబడుతోంది కూడా. 0.7 రేకును 0.4 చేశారంటే అది డబ్బా మూతలా టకటకమని లోపలికీ బయటికీ ఊగుతుంది. అంతా అయ్యాక చీకట్లో వెనక టార్చి వేసి చూడండి. చుక్కలా వెలుగు కనిపించిన చోటల్లా మళ్లీ టాకు పడాలి.

ఫైబర్ అయితే

వెనక పెట్రోలు ట్యాంకు ఉండి దించే వీలు లేకపోయినా, అంటించిన అద్దం అంచుకు దగ్గరగా ఉన్నా, వైరింగు కట్ట కదలకపోయినా వెల్డింగ్ మానుకోవడమే తెలివి. అలాంటి చోట, అరచేతికి మించని చిల్లుకు, బరువు మోయని రేకుకు ఫైబర్ సరైన మందే.

చిల్లు చుట్టూ 75 మి.మీ. రంగు మొత్తం తీసి, మెరిసే రేకు మీద 36 లేదా 40 నంబరు ఎమరీతో అడ్డదిడ్డంగా గీతలు పెట్టండి. పాలిస్టర్ రెసిన్‌కు నున్నటి ఉక్కుతో సహజంగా పట్టు తక్కువ, ఆ గీతల్లో చిక్కుకునే నిలబడుతుంది. చిల్లు అంచును సుత్తితో 2 మి.మీ. లోపలికి దించండి. లేకపోతే మ్యాట్ మందమంతా పైన తేలి, దాన్ని కప్పడానికి అడుగున్నర మేర లప్పం పరచాల్సి వస్తుంది. తుప్పు తీసే యాసిడ్ వాడి ఉంటే నీళ్లతో బాగా కడిగి ఆరబెట్టాలి, ఆ శేషం ఉంటే రెసిన్ గట్టిపడదు. చివరగా అసిటోన్‌తో తుడిచి, మళ్లీ వేలు పెట్టకండి.

15 సెంటీమీటర్ల చదరపు ముక్కలు రెండు, చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్‌లోంచి చింపండి. కత్తెరతో కోస్తే అంచు గీత పడుతుంది, చేత్తో చింపితే అంచు పల్చబడి రేకులో కలిసిపోతుంది. రెండు ముక్కలూ కలిపి 20 గ్రాములు తూగుతాయి, రెసిన్ దానికి రెండున్నర రెట్లు, అంటే 50 గ్రాములు. మామూలు వేళల్లో హార్డ్‌నర్ (రెసిన్‌ను గట్టిపరిచే ద్రవం) 1 గ్రాము, అంటే రెండు శాతం. ఎండాకాలంలో అర గ్రాముకు దించండి, లేకపోతే పూయకముందే డబ్బాలో జెల్లీ అయి పొగలు కక్కుతుంది. ఒక శాతానికి తక్కువ మాత్రం వేయకండి, ఎన్ని రోజులైనా జిగురుగానే ఉండిపోతుంది. కొలతకు మందుల షాపులో దొరికే 2 మి.లీ. సిరంజి చాలు.

ఇక్కడ ఒక ప్రాణాంతకమైన తప్పుంది. కొన్ని షాపుల్లో రెసిన్, గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్, హార్డ్‌నర్ మూడు వేరువేరు సీసాల్లో ఇస్తారు. కోబాల్ట్, హార్డ్‌నర్ నేరుగా కలిస్తే పేలుతుంది. మొదట రెసిన్‌లో కోబాల్ట్ వేసి బాగా తిప్పాలి, ఆ తరవాతే హార్డ్‌నర్. రెండింటికీ ఒకే సిరంజి, ఒకే మూత వాడకండి. కోబాల్ట్ ముందే కలిపిన రెసిన్ అడిగి తీసుకుంటే ఈ గొడవే ఉండదు. హార్డ్‌నర్ కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్లద్దాలు తప్పనిసరి. పడితే 15 నిమిషాలు నీళ్లధార కింద కడిగి నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి.

వీలైతే మొదటి ముక్క వెనకనుంచి, రెండోది ముందునుంచి వేయండి. చిల్లులో రెండూ కలిసి రివెట్టులా పట్టేస్తాయి, పక్కకు లాగినా ఊడవు. మొదట రేకుకు రెసిన్ పూసి, దాని మీద మ్యాట్ పరిచి, బ్రష్షుతో పొడుస్తూ తడపండి. గోడకు సున్నం వేసినట్టు లాగితే మ్యాట్ పోగులు పోగులుగా బ్రష్షుకు వచ్చేస్తుంది. తెల్లదనం పోయి రేకు కనిపించేంత పారదర్శకంగా అయితే తడిసినట్టు. తెల్లగా మిగిలిన ప్రతి మచ్చా ఒక గాలిబుడగ, ఆ బుడగే ఎండలో పొక్కవుతుంది. పైన పాలిథిన్ కాగితం వేసి మధ్యలోంచి అంచులకు బొటనవేలితో ఒత్తితే గాలి బయటికి పోతుంది.

గంటలో గట్టిపడినా పని అవలేదు. పాలిస్టర్ ఆ తరవాత కూడా కుంచించుకుంటూనే ఉంటుంది. రెండు రోజులు ఎండలో వదిలేసి అప్పుడు లప్పం ముట్టుకోండి. సాయంత్రానికి బండి ఇవ్వాలని తొందరపడితే రంగు వేసిన నెలకు మ్యాట్ పోగుల ఆనవాళ్లు పైకి కనిపిస్తాయి.

డబ్బు పెట్టగలిగితే పాలిస్టర్ బదులు ఎపాక్సీ వాడండి. ఉక్కును గట్టిగా పడుతుంది, కుంచించుకుపోవడం తక్కువ. దానికి మ్యాట్ కాకుండా నేసిన ఫైబర్ గుడ్డ కావాలి; మ్యాట్‌లో పోగులను పట్టి ఉంచే జిగురు పాలిస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీన్‌కు కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. ఎపాక్సీలో హార్డ్‌నర్ సీసా మీద రాసిన పాళ్లలోనే పడాలి, ఎక్కువ వేస్తే త్వరగా ఆరదు, మెత్తగా పాడవుతుంది. ఆరాక పైన జిడ్డు పొర చేరుతుంది. నీళ్లు, స్క్రబ్బరుతో కడిగి, ఎమరీ పట్టి, అప్పుడే లప్పం.

తుప్పు చిల్లు వేరు సంగతి

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ఉప్పుగాలికి తిరిగిన బండిలో చక్రం పై అంచు లోపలినుంచి తింటుంది. బయట రూపాయి బిళ్లంత కనిపిస్తే లోపల అరచేతంత పోయి ఉంటుంది. దాని మీద బయటినుంచి ఫైబర్ వేయడమే అన్నిచోట్లా జరిగే తప్పు. రెసిన్ నీళ్లను బయటికి పోనివ్వదు, వెనకనుంచి వచ్చే తేమను లోపలే పట్టి ఉంచుతుంది. అలాంటి అతుకును రెండేళ్ల తరవాత నాణెంతో తట్టి చూడండి, బోలుగా మోగుతుంది. అంచులో స్క్రూడ్రైవరు పెట్టి లేపితే మొత్తం పళ్లెంలా ఊడొస్తుంది. కింద ఎర్రటి పొడి ఉంటుంది, రేకు అంచు తడిసిన బిస్కెట్టులా విరుగుతుంది. ఫైబర్ చెక్కుచెదరలేదు, అది పట్టుకోవడానికి రేకు మిగల్లేదు.

తుప్పు కనిపించిన గీతకు ఇంకో 20, 25 మి.మీ. అవతల, స్క్రూడ్రైవరుతో గుచ్చినా దిగని గట్టి రేకు దాకా కోసేయండి. కొత్త రేకు వెల్డింగ్ చేయండి. ఇక్కడ ఫైబర్ ఊసే వద్దు.

లప్పం

దేని మీదైనా ముందు ఎపాక్సీ ప్రైమర్, తరవాత లప్పం. 100 గ్రాములకు హార్డ్‌నర్ 2 గ్రాములు. ఎక్కువైతే తెల్ల రంగులోంచి ఎర్ర మరకలు పైకి వస్తాయి. మందం 3 మి.మీ. మించిందంటే రేకు పని సరిగా అవలేదని అర్థం, వెనక్కి వెళ్లి సుత్తి పట్టాలి. పొడవాటి కర్ర బ్లాకుతో 80, 120, 180 వరుసలో పొడిగా రుద్దండి. లప్పం మీద వాటర్ పేపరు వాడే అలవాటు చాలా షెడ్డుల్లో ఉంది, అది మానాలి. లప్పంలో ఉండే సుద్దపొడి నీళ్లు పీలుస్తుంది, ఆ తడి రంగు కింద పొక్కులుగా తేలుతుంది. నీళ్లతో రుద్దడం ప్రైమర్ వేశాకే, 600 లేదా 800 నంబరుతో. ఎన్.సి. పుట్టీ (నైట్రోసెల్యులోజ్‌తో చేసిన పల్చటి పుట్టీ) సూదిమొనంత గుంటలకు మాత్రం పనికొస్తుంది.

చివరగా వెనక వైపు, ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. వెల్డింగ్ వేడికి లోపలి రంగు, జింకు పూత కాలిపోయి రేకు బోడిగా మిగులుతుంది. అక్కడ ఎపాక్సీ ప్రైమర్ బ్రష్షుతో పూయండి, ఆరాక సన్న గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టండి. డోర్ అడుగున, సిల్ అడుగున నీళ్లు పోయే కన్నాలుంటాయి, రెసినో లప్పమో కారి అవి మూసుకుపోతాయి. సన్న కడ్డీతో పొడిచి, పైనుంచి చెంబెడు నీళ్లు పోసి, కిందికి కారుతున్నాయో లేదో చూశాకే లోపలి ప్యాడ్లు బిగించండి.